శీతకాలము – ఇంటిలోని పొడిగాలి

మనిషి తిండి లేక కొన్ని వారములు, నీరు లేక కొన్ని దినములు బ్రతుకగలడు గాని, గాలి లేక కొన్ని నిమిషములైనను బ్రతుకజాలడు. ఈ మాట మనము చిన్న తరగతులనుండి వినుచున్నదే. అయినను తిండి మంచిదా కాదా, నీరు తేటగా ఉన్నదా లేదా అని విచారించునంతగా, మన గది గాలిలో తేమ ఎంత ఉన్నదని విచారించువారు అరుదు. చలికాలము రాగానే పెదవులు పగులును. కాళ్ళు, చేతులు తెల్లబారి దురద పుట్టును. తెల్లవారుజామున గొంతు గరగరలాడును. ముక్కులో పొక్కులు కట్టి ఒక్కొక్కప్పుడు రక్తపు చారలు కనిపించును. వీటినన్నిటిని చలి ఖాతాలో వ్రాసి ఊరకుందుము. నిజమునకు వీటిలో పెక్కింటికి కారణము చలి కంటె పొడిదనము. ఉర్దూ మాటలాడు ఇండ్లలో దీనిని 'ఖుష్కీ' అందురు. తెలుగు ఇండ్లలో 'ఒళ్ళు పొడిబారినది' అందురు. పేరేదైనను బాధ ఒక్కటే.

ఈ విషయమును మేము ఎన్నుకొనుటకు రెండు కారణములు కలవు. మొదటిది, ఇది భౌతికశాస్త్ర గ్రంథములో 'ఆర్ద్రత' అను ప్రకరణమున చదివి, పరీక్షలో వ్రాసి, పిదప మరచిపోవు పాఠము. దానికిని మన పడకగదికిని గల సంబంధము ఎవరును చెప్పరు. రెండవది, చదువుకొరకో ఉద్యోగముకొరకో చికాగో, టొరంటో వంటి మంచుపట్టణములకు పోవు తెలుగువారు, హైదరాబాదీలు నేడు అనేకులు. వారిని చూడ వెళ్ళిన తల్లిదండ్రులు తలుపులు బిగించిన వెచ్చని ఇంటిలో కూర్చుండి, వెచ్చదనము ఇంత హాయిగా ఉండగా ముక్కునుండి రక్తమేల వచ్చుచున్నదో తెలియక భయపడుదురు. ఆ భయమునకు సమాధానము పాఠ్యపుస్తకములోనే ఉన్నది.

తేమకు లెక్క

గాలిలో నీటియావిరి ఎల్లప్పుడును కొంత ఉండును. అది ఎంతవరకు ఉండగలదనునది ఉష్ణోగ్రతపై ఆధారపడును. ఒక ఘనమీటరు చోటులో 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 5 గ్రాముల ఆవిరి, 10 డిగ్రీల వద్ద 9 గ్రాములు, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు, 30 డిగ్రీల వద్ద 30 గ్రాములు ఉండగలదు. అంతకు మించినచో మంచుగానో నీటిబిందువులుగానో బయటపడును. ప్రతి 10 డిగ్రీలకు ఈ పరిమితి ఇంచుమించు రెట్టింపగుచున్నదని పాఠకులు గమనింపవలెను. ఈ విషయమునకు ప్రాణమంతయు ఈ లెక్కలోనే ఉన్నది.

ఉండగల ఆవిరిలో వాస్తవముగా ఎంత ఉన్నదో నూటికి చెప్పు లెక్కయే సాపేక్ష ఆర్ద్రత. మన చర్మమునకు, ముక్కునకు, చెక్కసామానునకు, పుస్తకములకు పొడిదనమును తెలుపునది ఇదియే.

ఇప్పుడొక ఉదాహరణము తీసికొందము. బయట 0 డిగ్రీల చలి ఉన్నది. గాలి తేమతో నిండియున్నది. అనగా సాపేక్ష ఆర్ద్రత నూటికి నూరు. ఆ గాలిలో ఘనమీటరునకు ఉన్నది 5 గ్రాములే. ఆ గాలియే కిటికీ సందులగుండ ఇంటిలోనికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కినది. ఆవిరి అవే 5 గ్రాములు. పరిమితి మాత్రము 17 గ్రాములైనది. కనుక గదిలో సాపేక్ష ఆర్ద్రత 28 శాతమునకు పడిపోయినది. బయట సున్నకు దిగువన 10 డిగ్రీలున్నచో గదిలో మిగులునది 13 శాతము మాత్రమే. చికాగోలో జనవరి మాసపు సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువనే ఉండునన్న సంగతి తలచినచో, అచ్చటి ఇండ్లలో చలికాలపు గాలి ఎంత ఎండియుండునో తెలియగలదు.

హీటరు గాలిలోని తేమను 'తినివేయును' అని పలువురు అనుకొందురు. అది సరికాదు. విద్యుత్ హీటరు ఒక్క గ్రాము నీటినైనను తీసివేయదు. అది గాలి దాహమును పెంచును, అంతే. దాహము పెరిగిన గాలి మన పెదవులనుండి, కన్నులనుండి, గొంతునుండి నీటిని లాగికొనును.

మన దక్కను సంగతి

మన ప్రాంతమున ఇండ్లను వేడిచేయు అలవాటు లేదు. తలుపులు తెరచియే యుందుము. మరి మనకు ఖుష్కీ ఏల? నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు మనకు వీచునది ప్రధానముగా ఉత్తర, ఈశాన్య దిక్కులనుండి భూమిమీదుగా వచ్చు గాలి. దానిలో తేమ తక్కువ. పైగా దక్కను పీఠభూమిలో రాత్రికిని పగటికిని ఉష్ణోగ్రతలో భేదమెక్కువ. ఒక డిసెంబరు ఉదయమున 14 డిగ్రీల చలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతమున్నదనుకొందము. గడ్డిమీద మంచు మెరయుచుండును. గాలి తేమగా తోచును. మధ్యాహ్నమునకు ఉష్ణోగ్రత 28 డిగ్రీలకు పెరిగినచో, కొత్త తేమ చేరనందున, అదే గాలి 33 శాతమునకు ఎండిపోవును. ఉదయము మంచు, మధ్యాహ్నము ఖుష్కీ. ఈ రెండును ఒకే గాలి చేయు పని.

సముద్రతీరమున విశాఖపట్నము, మచిలీపట్నములవారికి ఈ బాధ అంతగా ఉండదు. సముద్రము గాలికి తేమను అందించుచునే యుండును. రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోవుట గల ఆదిలాబాదు ప్రాంతమువారికి ఇది బాగుగా అనుభవములోనిదే.

మన దేశములో ఇంటిని వేడిచేసికొను సంప్రదాయమునకు కాశ్మీరు ప్రసిద్ధము. అచ్చటి పాత ఇండ్లలో రాతిపలకల నేల క్రింద కట్టెలు కాల్చి, గదిని వెచ్చజేసెదరు. ఆ గదిని 'హమామ్' అందురు. మన నగరపు ఉర్దూలో హమామ్ అనగా స్నానపుగది. మాట ఒక్కటే, వాతావరణమును బట్టి అర్థము మారినది. ఇనుప పొయ్యియైన 'బుఖారీ' పైన నీటిపాత్రను పెట్టియుంచుట అచ్చటి గృహిణుల అలవాటు. ఆ నీరు మెల్లగా ఆవిరియై గదికి తేమనిచ్చును. సాపేక్ష ఆర్ద్రత అను పేరు వినకయే వారు దానికి చికిత్స కనుగొనిరి.

శరీరము మీది ప్రభావము

ముక్కు వాసన చూచుటకు మాత్రమే కాదు. అది గాలిని వెచ్చజేసి తడిపి ఊపిరితిత్తులకు పంపు యంత్రము. 37 డిగ్రీల వద్ద తేమతో నిండిన గాలిలో ఘనమీటరునకు 44 గ్రాముల ఆవిరి ఉండును. మనము పీల్చిన గాలిలో 3, 4 గ్రాములే ఉన్నచో, తక్కిన 40 గ్రాములను ముక్కు, గొంతు సమకూర్చవలసినదే. ఊపిరి వదలునపుడు అందులో కొంత తిరిగి చేజిక్కును గాని, నష్టము నష్టమే. రాత్రంతయు ఈ పని చేసి లోపలి పొర ఎండి బీటలు వారును. ముక్కులో సన్నని రక్తనాళములు పైపైననే ఉన్నందున రక్తము చిందును. ముక్కుదిబ్బడచేత నోటితో ఊపిరి పీల్చువారికి గొంతు మరింత ఎండును.

ఆ పొరమీద కంటికి కానరాని నూగువంటి రోమములు కదలుచు, దుమ్మును, సూక్ష్మజీవులను వెలికి నెట్టుచుండును. జిగురు ఎండినపుడు వీటి పని మందగించును. 2007లో న్యూయార్కులో గినీపందులపై చేసిన ప్రయోగములలో, గాలి చల్లగాను పొడిగాను ఉన్నపుడు ఇన్‌ఫ్లుయెంజా ఒకదానినుండి మరియొకదానికి సులభముగా సోకినట్లు తేలినది. తేమను పెంచినంత మాత్రమున జ్వరములు రావని దీని అర్థము కాదు. చలికాలమున అవి ప్రబలుటకు గల అనేక కారణములలో పొడిగాలి ఒకటియని మాత్రమే గ్రహింపవలెను.

ఇక చర్మము సంగతి. వయస్సు మీరినకొలది చర్మములోని చమురు తగ్గును. అందుచేత వృద్ధులకు దురద ఎక్కువ. గోకినచోట పుండ్లు పడును. మధుమేహమున్నవారికి ఆ పుండ్లు త్వరగా మానవు. పగిలిన మడమ చిన్న విషయమని తోచును గాని, అట్టివారికి చిన్నది కాదు.

వస్తువులకును ఈ బాధ తప్పదు. తలుపు చెక్కలు కుంచించుకొనిపోయి సందులు ఏర్పడును. కొయ్యతో చేసిన వాద్యములు పగుళ్ళిచ్చును. దువ్వెనవెంట వెంట్రుకలు నిక్కబొడుచుట, ఉన్ని దుస్తులు విప్పునపుడు చిటపటమని నిప్పురవ్వలు లేచుట పొడిగాలిలో స్థిరవిద్యుత్తు నిలిచియుండుటవలన కలుగునవే. గ్రంథాలయములలోని తోలు అట్టలు బిరుసెక్కి విరుగును; ఏండ్లు గడచిన కాగితము మరింత పెళుసగును.

కొలిచి చూచుట

తేమ కంటికి కనిపించదు, కనుక కొలువవలెను. 1783లో జెనీవా పండితుడు సొస్యూర్ మనిషి వెంట్రుక తేమలో సాగుననియు, పొడిలో కుంచించుకొనుననియు గమనించి, వెంట్రుకతో పనిచేయు ఆర్ద్రతామాపకమును లోకమునకు వివరించెను. నేడు అరచేతిలో ఇమిడెడు విద్యుత్ పరికరములు దొరకుచున్నవి. కాని మన విద్యార్థులు తామే చేసికొనదగిన పరికరము వేరొకటి కలదు.

ఒకే తీరుగా చూపు రెండు ఉష్ణమాపకములను ప్రక్కప్రక్కన వ్రేలాడదీయుడు. ఒకదాని బుడ్డికి పలుచని నూలుగుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసను చిన్న నీటిసీసాలో ముంచియుంచుడు. విసనకఱ్ఱతో కొన్ని నిమిషములు బాగుగా విసరుడు. తడిగుడ్డనుండి నీరు ఆవిరియగునపుడు వేడిని గైకొనును గనుక ఆ ఉష్ణమాపకము తక్కువ చూపును. గాలి ఎంత పొడిగానున్నచో భేదమంత ఎక్కువ. పొడి బుడ్డి 25 డిగ్రీలు చూపునపుడు తడి బుడ్డి 20 చూపినచో ఆర్ద్రత సుమారు 63 శాతము. 18 చూపినచో 50 శాతము. 15 చూపినచో 33 శాతము. పొడి బుడ్డి 20 డిగ్రీలు చూపునపుడు తడి బుడ్డి 14 చూపినచో 51 శాతము. 12 చూపినచో 37. 10 చూపినచో 24 శాతము మాత్రమే.

ఇంటిలో 30 నుండి 50 శాతము వరకు ఉండుట మేలు. 30కి దిగువన పొడిదనము బాధించును. 60 దాటినచో బూజు పట్టును. దుమ్ములోని సూక్ష్మకీటకములు వృద్ధిచెంది ఉబ్బసమువారిని బాధించును.

నివారణోపాయములు

మొదటి ఉపాయమునకు ఖర్చు లేదు, పైగా ఆదాయము. గదిని మితముగా వెచ్చజేయుడు. ఘనమీటరునకు 4 గ్రాముల ఆవిరిగల గాలి 24 డిగ్రీల వద్ద 18 శాతము ఆర్ద్రతను చూపును. 18 డిగ్రీల వద్ద 26 శాతము చూపును. నీటిచుక్క కలుపకయే గాలి మెరుగైనది. ఒక దుప్పటి ఎక్కువ కప్పుకొని హీటరును తగ్గించుట ఉత్తమము. అయితే పసిపిల్లలు, వృద్ధులు ఉన్నచోట చలికి వదలివేయరాదు.

రెండవది, సందులు మూయుట. ఇది ఏల ముఖ్యమో లెక్క వేసి చూతము. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తుగల గదిలో 36 ఘనమీటర్ల గాలి పట్టును. 20 డిగ్రీల వద్ద దాని ఆర్ద్రతను 15 శాతమునుండి 40కి పెంచుటకు కావలసిన నీరు సుమారు 155 గ్రాములు, అనగా ఒక చిన్న గ్లాసెడు. ఇంతేనా అనిపించును. కాని గది గాలి నిలిచియుండదు. గంటకు సగము గాలి సందులగుండ మారుచున్నచో గంటగంటకు సుమారు 78 గ్రాములు పోయవలెను. దినమునకు రెండు లీటర్లకు కొంచెము తక్కువ. గది మూలనుంచిన గిన్నెడు నీరు ఏల చాలదో దీనివలన తెలియును. చల్లని నీటి గిన్నెనుండి గంటకు కొద్ది గ్రాములు మాత్రమే ఆవిరియగును.

ఇందులో మరియొక విశేషమున్నది. మనిషి ఊపిరినుండి, చర్మమునుండి గంటకు ముప్పది, నలుబది గ్రాముల నీరు గాలిలో చేరును. వంట, స్నానము, బట్టలు ఆరవేయుట మరికొంత చేర్చును. కనుక ఇల్లు చిన్నదై సంసారము పెద్దదైనచోట గాలి అంతగా ఎండదు. విశాలమైన ఇంటిలో, పిల్లలు పనులకు పోగా, వృద్ధులిద్దరే పగలంతయు హీటరు వేసికొని కూర్చుండినచోట పొడిదనము అత్యధికము. బాధ ఎక్కువగా ఎవరికి కలుగునో జాగ్రత్త వారికే ఎక్కువగా కావలెను.

మూడవది, తడిబట్ట. నీరోడకుండ పిండిన పెద్ద తువ్వాలును పడకగదిలో దండెమున ఆరవేసినచో, అది ఆరునాటికి దానిలోని నీరంతయు గాలిలో చేరియుండును. గిన్నెకంటె గుడ్డకు వైశాల్యమెక్కువ, కిటుకంతయు అదే. ఉతికిన బట్టలను లోపలనే ఆరవేసినచో లీటరుకు మించి తేమ చేరవచ్చును. అయితే విద్యుత్ హీటరుమీద గుడ్డ వేయరాదు, అగ్నిప్రమాదము కలుగును.

నాలుగవది, హ్యూమిడిఫయరు అను యంత్రము. తడి వత్తిగుండ గాలిని పంపునవి, నీటిని మరిగించునవి, నీటిని సూక్ష్మమైన తుంపరలుగా చిమ్మునవి అని ఇవి ముఖ్యముగా మూడు విధములు. మరిగించు యంత్రమును పిల్లలకు అందనిచోట ఉంచవలెను. తుంపరల యంత్రములో మన బోరుబావుల కఠినజలము పోసినచో, అందులోని లవణములు తెల్లని పొడియై గదియంతయు పరచుకొనును. కనుక స్వేదనజలము వాడవలెను. ప్రతిదినము పాత నీరు పారబోయవలెను. మూడు దినములకొకసారి తొట్టిని శుభ్రముగా కడిగి ఆరబెట్టవలెను. లేనిచో తేమతోపాటు సూక్ష్మజీవులను కూడ పీల్చవలసివచ్చును.

ఆ నీటిలో ఏ మందును, ఏ క్రిమిసంహారకమును కలుపరాదు. దక్షిణ కొరియాలో ఈ యంత్రముల నీటిలో కలుపుటకు ద్రవములు 1994 మొదలు విరివిగా అమ్మబడెను. అవి తొట్టిని శుభ్రపరచునని ప్రజలు నమ్మిరి. వాటి తుంపర ఊపిరితిత్తులను నాశనము చేయుచున్నదని 2011లో బయటపడునాటికి ఎందరో గర్భిణీలు, పసిపిల్లలు బలియైరి. మృతుల సంఖ్య వందలను దాటినది. కడుగుటకు పనికివచ్చునది పీల్చుటకును పనికివచ్చునని తలచరాదను పాఠమును ఆ తల్లిదండ్రులు అతి దారుణమైన వెల చెల్లించి లోకమునకు నేర్పిరి.

కిటికీ అద్దముపై నీరు కారుచున్నచో, గోడమూలల నల్లని మచ్చలు కనిపించుచున్నచో తేమ మించినదని ఎరుగవలెను. వెంటనే తగ్గించి, కొంతసేపు కిటికీ తెరువవలెను.

చేయరాని పనులు

మూసిన గదిలో బొగ్గుల కుంపటి, అంగీఠీ పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయము. చాలినంత గాలి లేక కాలిన బొగ్గు కార్బన్ మోనాక్సైడును విడుచును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు మించిన ఆసక్తితో దానిని పట్టుకొనును. నిద్రించువాడు నిద్రలోనే పోవును. ఉత్తరాదిని ప్రతి శీతకాలమున ఇట్టి వార్తలు పత్రికలలో చూచుచునే యున్నాము. కుంపటిమీద నీటిపాత్ర పెట్టినంతమాత్రమున ఈ విషము విరుగదు. గదిని వెచ్చజేయుటకై వంట గ్యాసు పొయ్యిని వెలిగించియుంచుటయు ఇట్టిదే.

పసిబిడ్డల ముక్కులో నూనెచుక్కలు వేయు ఆచారము కొన్ని ఇండ్లలో నేటికిని ఉన్నది. ఆ నూనె ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలిగింపవచ్చును. బిడ్డ ముక్కు ఎండినచో వైద్యుని సలహాపై ఉప్పునీటి చుక్కలు వాడుటయే క్షేమము. మరుగు నీటిపాత్రపై పిల్లలను వంచి ఆవిరి పట్టించుటయు కూడదు. పాత్ర ఒరిగి ఒళ్ళు కాలిన సంఘటనలు అనేకము.

ముక్కునుండి రక్తము వచ్చినపుడు తల వెనుకకు వాల్చరాదు. కూర్చుండి కొంచెము ముందునకు వంగి, ముక్కు మెత్తని భాగమును పది, పదిహేను నిమిషములు గట్టిగా పట్టుకొనవలెను. అప్పటికిని ఆగనిచో, లేక రక్తము పలుచబరచు మందులు వాడువారైనచో, వైద్యుని వద్దకు పోవలెను.

పెద్దల ఆచారము

మన పెద్దలు పొడిదనమును ఎరుగనివారు కారు. ఆయుర్వేదమున స్నిగ్ధ, రూక్ష గుణములు చెప్పబడినవి; యూనానీ వైద్యమున వేడి, చలువలతోపాటు 'రతబ్', 'యాబిస్' అనగా తడి, పొడి అను గుణములు చెప్పబడినవి. రెండు శాస్త్రములు రెండు దేశములలో పుట్టినను, శరీరపు చెమ్మను కాపాడుకొనవలెనను విషయమున ఏకాభిప్రాయము కలవి. హేమంతమున నువ్వులనూనెతో అభ్యంగము చేయుమని ఆయుర్వేదము విధించినది. దీపావళినాడు, భోగినాడు తలంటుకొనుట మన ఇండ్లలో ఆచారమైనది. నూనె చర్మమునకు నీటినీయదు. ఉన్న నీరు ఆవిరియై పోకుండ కాపుకాయును. కనుకనే స్నానమైన వెంటనే, ఒళ్ళు కొంచెము తడిగా ఉండగానే, నూనెనో వాసెలిన్‌నో రాచుకొన్నచో ఫలము హెచ్చు. మరుగు నీటి స్నానము, ఎక్కువ సబ్బు ఉన్న చమురును కూడ కడిగివేయును. గోరువెచ్చని నీరు చాలును. చలిలో దాహము తెలియదు గనుక వేళకు నీరు త్రాగుట మరువరాదు.

ముగింపు

చెప్పినదంతయు నాలుగు మాటలలో చెప్పవలెనన్నచో: తక్కువ వేడి, మూసిన సందు, ఆరు తువ్వాలు, శుభ్రమైన నీరు. వీటిలో ఏదియు పేదవానికి అందనిది కాదు.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులచేత తడి, పొడి ఉష్ణమాపకముల జంటలు కొన్ని తయారుచేయించి, గ్రంథాలయములోను తరగతి గదులలోను ఉంచినచో ఖర్చు స్వల్పము, లాభము అధికము. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు దినమునకు రెండుసార్లు లెక్క వ్రాసి, ఉర్దూ, తెలుగు విభాగములవారు కలిసి ఆ పట్టికను రెండు భాషలలోను సిద్ధపరచినచో, వచ్చే సంవత్సరపు సంచికలో ప్రకటింపవచ్చును. మన బీరువాలలోని పాత పుస్తకములు ఎండకుండ, బూజుపట్టకుండ కాపాడుటకును ఆ లెక్కలు దారి చూపును. విద్యార్థులకు మా మనవి ఇంకను చిన్నది. ఈ శీతకాలమున ఇంటిలో తాతగారికిగాని, నాయనమ్మగారికిగాని, దాదీ, నానీలకుగాని గొంతు ఎండి రాత్రి నిద్ర చెడుచున్నదేమో అడిగి తెలిసికొని, వారి గదిలో ఒక తడి తువ్వాలు ఆరవేయుడు. చదివిన పాఠము ఇంటికి ఉపకరించుటకు అంతకంటె సులువైన మార్గము లేదు.